ఎండబెట్టిన పాటలు

"ఏటే, ఆ పెంకులన్నీ కలిపి ఎంతకు పోతాయంటావు?" అని సీతారామారావు సావిట్లోంచి కేకేసే సమయానికి కన్యాకుమారి కుడిచేత్తో ఉప్మా కలుపుతోంది, ఎడమచేత్తో గ్రామఫోనుకు కీ తిప్పుతోంది.

పెంకులంటే ప్లేట్లు. తినే ప్లేట్లు కావు, వినే ప్లేట్లు. మొత్తం తొంభై నాలుగు. వంటింటికీ సావిడికీ మధ్య గుమ్మంలో స్టూలు, స్టూలు మీద పెట్టె, పెట్టె మీద నుంచి పూల తెర. పెట్టె నోరు సావిడివైపు, దాన్ని తిప్పే పిడి వంటింటివైపు. ఆ ఏర్పాటు సీతారామారావుదే. విజయనగరంలో ఆయనకు బట్టల కొట్టుంది. కొట్టు ఉందిగానీ కొట్టే అలవాటు లేదు, అంచేత పెళ్లాన్ని బాగా చూసుకునే మనిషని పేరు. ఆదివారం సాయంత్రం ఆయన ఇంట్లో సభ. ముగ్గురు గుమస్తాలూ ఒక కంట్రాక్టరూ వస్తారు, చాప మీద కూర్చుని తొడలు చరుస్తారు. తెర వెనక కన్యాకుమారి పాత సూది తీసి కొత్త సూది పెడుతుంది, కీ ఇస్తుంది, ప్లేటు వేస్తుంది. పాట చరణంలోకి వచ్చేసరికి ఉప్మా అడుగంటుతుంది. పాట అయ్యేసరికి కాఫీ అందాలి. మూడు నిమిషాల పాట మీద వాళ్లు ముప్పావుగంట చర్చిస్తారు కాబట్టి ఏ ప్లేటుకీ రెండో పక్క వేసే అవసరం పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ రాలేదు. కీర్తి ఆయనది, అందులో కీ మాత్రం ఆమెది.

కిందటి దసరాకి ఆ నలుగురూ చందాలేసుకుని ఆయనకు సన్మానపత్రం అచ్చువేయించి, పెద్ద అద్దం బిగించి ఇచ్చారు. 'గానరసపిపాసి' అని అందులో ఉంది. పిపాసి అంటే దాహం వేసినవాడు. ఆ దాహం తీర్చిన కాఫీల సంగతి ఎక్కడైనా ఉందేమోనని కన్యాకుమారి పత్రం కింది దాకా చదివింది. ప్రెస్సు పేరుంది.

ఇప్పుడు కంట్రాక్టరు కరెంటుతో పాడే పెట్టె కొన్నాడు. తీగ గోడలో గుచ్చితే చాలు, అదే పాడుతుంది. అప్పటి నుంచి సీతారామారావుకు నిద్ర లేదు. పాతవన్నీ అమ్మేసి అలాంటిది తేవాలి.

"నీకే సుఖం," అన్నాడు తెర పక్కకు తోసి. "కీ తిప్పే బాధ తప్పుతాది."

"అవి మా అమ్మవి కదండీ," అంది కన్యాకుమారి.

"అమ్మవైతే? అమ్మకూడదని రాసుందేటి?"

చాప మీద నలుగురూ పడిపడి నవ్వారు. ఆమె ఉప్మా అడుగంటింది. దాని గురించి మాత్రం కంట్రాక్టరు మరీ మర్యాదగా, "ఫరవాలేదమ్మా, మాడు కూడా రుచే," అన్నాడు.

మాడు రుచేమిటో ఆమెకే తెలుసు. వీళ్లు పెంకులన్న వాటికి వెనక ఒక బండి ఉంది, ఆ బండిలో ఒక మనిషి ఉంది. కన్యాకుమారి తల్లి తవిటమ్మది కోటబొమ్మాళి. ఇరవై ఆరేళ్లకే మొగుడు పోయాడు. బదిలీ మీద పోతున్న రైలు ఉద్యోగి దగ్గర రెండు బస్తాల ధాన్యానికి ఆ పెట్టె తీసుకుంది. చుట్టుపక్కల ఏ పెళ్లికైనా తవిటమ్మ పెట్టె రావలసిందే. పెట్టె పందిరి దగ్గరికి రావచ్చు, తవిటమ్మ పందిట్లోకి రాకూడదు. విధవ కదా. పందిరి బయట బండి ఆపి, చుట్టూ దుప్పటి కట్టి, ఆ చాటున కూర్చుని తిప్పేది. పాట లోపలికి వెళ్లేది, మనిషి బయటే ఉండేది. శుభంపూట విధవ చేతికి డబ్బివ్వకూడదని ఇంకొక నియమం. అందుకని పెళ్లివారు అద్దెకు బదులు ఒక కొత్త ప్లేటు తెప్పించి, మధ్యనున్న చీటీ మీద పెళ్లికూతురి పేరు సిరాతో రాసి, బండిలో పెట్టి వెళ్లేవాళ్లు. ఒక పెళ్లికి ఒక ప్లేటు. అలా తొంభై నాలుగు పెళ్లిళ్లు. బండిలో తల్లి ఒళ్లో కూర్చుని కన్యాకుమారి అక్షరాలు దిద్దుకున్నది ఆ చీటీల మీదే. బుల్లమ్మ, చిన్నతల్లి, అమ్మడు. ఆమెకు అ ఆలు ఆడవాళ్ల పేర్లతోనే వచ్చాయి.

కన్యాకుమారి పెళ్లిలో తల్లి ఆ పెట్టెనూ ప్లేట్లనూ కూతురికి ఇచ్చేసి, "నాను ఇయ్యగలిగిన సొమ్ము ఇదేనమ్మా. ఎవులి సేతికీ ఇయ్యకు," అంది. అత్తవారు మొదట మూతులు తిప్పారు, తరవాత ప్లేట్లు తిప్పారు. 'మీ ఇంటి పెంకులు' అన్నవి నెమ్మదిగా 'మా రికార్డులు' అయ్యాయి. కొట్లో తానుల చివర మిగిలిన ముక్కలు తెచ్చి ఒక్కొక్క ప్లేటుకీ తొడుగు కుట్టింది కన్యాకుమారి. గళ్లది బుల్లమ్మ, చుక్కలది చిన్నతల్లి, నీలం అంచుది అమ్మడు. ఆ ఇంట్లో ఎటు చూసినా తానులే, తాను మాత్రం ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఆ తొడుగుల్లోనే.

అమ్మకం మొదలైంది. ముందు గజపతినగరం నుంచి మైకుసెట్టు సోములు వచ్చాడు. ప్లేట్లను గోటితో టకటకా కొట్టి చూశాడు.

"ముప్పై తీసుకుంతానండీ, పెళ్లి పాటలు. మిగతాయి పగలగొట్టి తూకానికి ఏసేయండి."

"అన్నీ పెళ్లి పాటలే," అంది తెర వెనక నుంచి కన్యాకుమారి.

"ఇది సచ్చిపోయినప్పుడు ఏసీది కదండీ," అన్నాడు సోములు ఒకటి తీసి, సీతారామారావుతో.

"అది అప్పగింతల పాట," అంది ఆమె.

"రెండూ ఒకటే ఏడుపు," అన్నాడు సీతారామారావు. ఆయన తెలియకుండా నిజం చెప్పిన సందర్భాల్లో అదొకటి. బేరం మాత్రం తెగలేదు.

తరవాత పేపర్లో చిన్న ప్రకటన వేయించాడు. విశాఖపట్నం నుంచి భీమశంకరరావు గారని, రిటైరైన ఇంజనీరు, పాత ప్లేట్లు సేకరించే ఆయన, జాబు రాశాడు. ఏ ప్లేటు, ఎవరు పాడింది, నంబరు ఎంత, ఎక్కడ గీత పడింది, అన్నీ జాబితా వేసి పంపమన్నాడు. సీతారామారావు ఆ జాబు తెచ్చి తిరగలి పక్కన పెట్టి, "నువ్వు ఖాళీయే కదా, కాస్త రాసి పడెయ్," అన్నాడు. ఖాళీ అన్న మాటను ఆయన ఎప్పుడూ ఆమె పప్పు విసురుతున్నప్పుడే వాడతాడు.

ఎనిమిది మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. పిల్లలిద్దరూ బడికి పోయాక, అత్తగారు కునుకు తీసేటప్పుడు, కొట్టు నుంచి వచ్చిన కండువాలకు అంచులు కుట్టడం అయ్యాక. రాస్తుంటే తన బతుకంతా ఆ గీతల్లోనే ఉన్నట్టనిపించింది. ఈ ప్లేటుకు అంచు దగ్గర చిన్న పెచ్చు: తనకు నెలలు నిండి వంగలేకపోతుంటే, 'పాట ఆగిందేం' అని ఆయన అరిచినప్పుడు చెయ్యి జారింది. ఈ ప్లేటుకు మధ్యలో అడ్డగీత: అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిన సాయంత్రం, సభ ఉంది కాబట్టి అది అయ్యాకే బయల్దేరదామన్నారు, ఆ రోజు సూది గీసింది. అవేవీ రాయకూడదు. 'అంచు పెచ్చు, పాటకు భంగం లేదు' అని రాసింది. 'అడ్డగీత, రెండుసార్లు టిక్కుమంటుంది' అని రాసింది. ఎనిమిది మధ్యాహ్నాల పనినీ సీతారామారావు ఒక పూటలో తన దస్తూరీలోకి ఎక్కించుకున్నాడు. ఆడదాని చేతిరాతని తెలిస్తే బేరం దిగుతుందన్నాడు.

భీమశంకరరావు గారు తిరుగు టపాలో మెచ్చుకున్నాడు. 'ప్లేటు చూడకుండానే పాట వినబడింది. మీవంటి శ్రద్ధగలవారు ఈ రోజుల్లో అరుదు. వచ్చే నెల వస్తాను. శుభ్రంగా ఉన్న ప్లేట్లకు మంచి ధర ఇస్తాను.' ఆ జాబును ఆదివారం సభలో మూడుసార్లు చదివారు. మూడోసారి చదువుతుంటే కన్యాకుమారి తెర తీసి, కాఫీ పళ్లెం చాప మీద పెట్టి, ఏదో అందామని నోరు తెరిచింది. "పంచదార తక్కువైంది," అన్నాడు సీతారామారావు. నోరు మూసుకుని పంచదార డబ్బా తెచ్చింది.

ఆ 'శుభ్రంగా' అన్న మాటే కొంప ముంచింది.

పెళ్లిళ్ల రోజులు. కొట్లో రద్దీ. వెనక గదిలో ముక్కలు కొలిచి మడతలు పెట్టడానికి కన్యాకుమారిని బుధవారం పొద్దున్నే కొట్టుకు రమ్మన్నాడు, తాను ఇంటికి వెళ్లాడు. మూడు గంటలకు ఆమె రిక్షా దిగి, పెరట్లో కాళ్లు కడుక్కుని, వడియాలు తిరగేద్దామని డాబా ఎక్కింది. ఒక చాప మీద గుమ్మడి వడియాలు. పక్కనే మూడు చాపల మీద తన తల్లి ప్లేట్లు. చైత్రం ఎండ, నెత్తి మీద. వడియాలు చక్కగా ఎండాయి. ప్లేట్లు చక్కగా వంగాయి. కొన్ని బూరెల్లా ఉబ్బాయి, కొన్ని తమలపాకుల్లా ముడుచుకున్నాయి.

అత్తగారు గురమ్మ కాకుల్ని తోలుతూ నీడలో కూర్చుంది.

"ఏటలగ సూస్తావు? నీ మొగుడే కడిగినాడు, కుంకుడు రసం పెట్టి, పీసు పెట్టి తోమి. మొగోడు పనిసేస్తే మెచ్చుకోవాల."

"ఎండలో ఎవరు పెట్టమన్నారత్తా?"

"నానే. తడిసినాయి మరి. నీడలో ఎట్టితే బూజట్టీదు?"

ఆ ప్లేట్లు లక్కతో పోసినవి. లక్కకు ఎండ పడదని లక్కగాజులు తొడుక్కున్న ఏ ఆడదానికైనా తెలుసు. గురమ్మకు ముప్పై ఏళ్లుగా చేతులు బోసి, మరిచిపోయి ఉంటుంది. ఆయనకు తెలియదు. ప్లేట్లు దేంతో చేస్తారో గానరసపిపాసికి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. తల్లికీ కొడుకుకీ ప్లేట్లంటే తోమేవే, బోర్లించేవే.

సీతారామారావు మెట్లెక్కి వచ్చాడు. "తళతళలాడుతున్నాయి సూడు," అన్నాడు.

"మధ్యలో చీటీలేవండీ?"

"నానిపోయి ఊడిపోయాయి. పాట కాగితంలో ఉంటాదేటి?"

"తొడుగులు?"

"ఆ చింకి గుడ్డలా? అమ్మ మసిగుడ్డలకు తీసుకుంది."

కన్యాకుమారి వడియాలు తిరగేసి కిందికి దిగింది. ఎదురు చెప్పకపోవడం ఆమెకు చేతకానితనం కాదు, అలవాటు. కానీ ఆ సాయంత్రం పొయ్యి మీద అన్నం గిన్నె దింపబోతే చేతికి తగిలింది గళ్ల గుడ్డ, బుల్లమ్మ తొడుగు, మసి పట్టి. అన్నం గిన్నె అలాగే పొయ్యి మీద వదిలేసింది. పద్దెనిమిదేళ్లలో ఆ ఇంట్లో మొదటిసారి అన్నం మాడింది. మాడు కూడా రుచే కదా, తినండి అనుకుంది.

భీమశంకరరావు గారు చెప్పిన రోజుకు వచ్చాడు. తెల్లటి మనిషి, మర్యాదస్తుడు, జేబులో భూతద్దం. ప్లేట్లు చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"చీటీలు లేకపోతే ఏది ఏదో ఎలా తెలుస్తుందండీ?" అని సీతారామారావును అడిగాడు.

సీతారామారావు ఒక ప్లేటు ఎత్తి అటు చూశాడు, ఇటు చూశాడు. తొంభై నాలుగు నల్లటి గుండ్రాలు. "ఇది... మంచి పాటండీ," అన్నాడు.

తెర కదిలింది. కన్యాకుమారి బయటికి వచ్చి, ఆ ప్లేటు తీసుకుని, అంచు చుట్టూ బొటనవేలు నడిపించింది. "ఇది నలుగు పాట. తొమ్మిదో ప్లేటు. ఇక్కడ పెచ్చు, పాటకు భంగం లేదు," అంది. ఇంకొకటి తీసుకుంది. "ఇది అరవై రెండు. అడ్డగీత, రెండుసార్లు టిక్కుమంటుంది." పెద్దాయన జాబితా తీసి చూశాడు, సరిపోయింది. ఇంకొకటి అడిగాడు, ఇంకొకటి. సరిపోయాయి. ప్రశ్న సీతారామారావును అడుగుతున్నాడు, జవాబు కన్యాకుమారి చెబుతోంది, "చాలా సంతోషం" అని మళ్లీ సీతారామారావుతోనే అంటున్నాడు. కచేరీలో బంట్రోతు ద్వారా మాట్లాడినట్టుంది.

చివరికి ఆయన తేల్చాడు. వంగినవి కాబట్టి సగం ధర కూడా రాదు. అయితే ఈవిడగారు వారం పది రోజులు విశాఖపట్నం వచ్చి, తమ ఇంట్లో ఉండి, ఒక్కొక్కటీ గుర్తుపట్టి మళ్లీ చీటీలు రాసిపెడితే, మొత్తం తీసుకుంటాడు.

"దానికేం భాగ్యం," అన్నాడు సీతారామారావు వెంటనే. "పంపిస్తాను. ఖాళీయే కదా."

ఆమె అక్కడే నిలబడి ఉంది, చేతిలో ప్లేటుతో. ఇద్దరూ ఆమెకు అటూ ఇటూ కూర్చుని, ఆమె మీదుగా మాట్లాడుకుంటున్నారు. పెట్టె, ప్లేట్లు, సూదుల డబ్బా, ఆమె. సామానులో నాలుగో అంశం ధర లేకుండా కలిసిపోయింది. ఇంటి పనికి జీతం లేదని ఆమెకు ఎప్పుడూ తెలుసు. తనను అరువివ్వచ్చని మాత్రం ఇవాళే తెలిసింది. ఎవులి సేతికీ ఇయ్యకు అంది అమ్మ. ప్లేట్ల గురించే అందనుకుంది ఇన్నాళ్లూ.

"నేను రానండి," అంది పెద్దాయనతో. "ప్లేట్లూ రావు."

"ఏటే?" అన్నాడు సీతారామారావు.

"అవి మా అమ్మవి. అమ్మాలంటే నేను అమ్ముతాను. ఎవరికి అమ్మాలో నాకు తెలిసింది."

నిజంగానే అప్పుడే తెలిసింది, బొటనవేలి కింద పెచ్చు తగిలినప్పుడు. నలుగు పాట ప్లేటు భీమశంకరరావు గారికి ఒక నంబరు. సోములుకు ఒక రాత్రి కిరాయి. కానీ అది చిన్నతల్లి పెళ్లి. చిన్నతల్లి ఎక్కడో బతికే ఉంటుంది, నలభై దాటి ఉంటుంది. తన పెళ్లినాడు తలవంచుకుని కూర్చున్న పిల్ల ఆ పాటను సరిగా విని కూడా ఉండదు. ఆ పాటకు ఆ పిల్లకన్నా ఎక్కువ విలువ కట్టగలవాళ్లు లోకంలో ఎవరున్నారు?

మర్నాడు సావిట్లో సన్మానపత్రం దింపి, వెనక మేకులు ఊడదీసి, అద్దం బయటికి తీసింది. వంగిన ప్లేటును రెండు అద్దాల మధ్య పెట్టి, లేత ఎండలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక నీడకు తెచ్చి పైన బరువు పెడితే సాపవుతుంది. బండిలో ఎండ కొట్టిన ప్లేట్లను తల్లి అలాగే బాగుచేసేది. రెండో అద్దానికి పెళ్లి ఫోటో దింపింది. బరువుకు సన్నికల్లు పెట్టింది.

"నా పత్రం!" అన్నాడు సీతారామారావు.

"పత్రం అక్కడే ఉందండీ. అద్దమే తీశాను."

రోజుకు ఎనిమిది. పదకొండు పగిలిపోయాయి, ఎనభై మూడు బతికాయి. మధ్యాహ్నాలు కార్డులు రాసింది, ఈసారి తన దస్తూరీలో, తన పేరుతో. 'తవిటమ్మ కూతుర్ని. నీ పెళ్లి ప్లేటు నా దగ్గరుంది. కావాలంటే నీకే అమ్ముతాను.' అత్తవారి ఊళ్లు తెలియనివాళ్లకు పుట్టింటి పేరు రాసింది. ఆ రెండు వారాలూ సీతారామారావు అలిగి కొట్లోనే తిన్నాడు. ఆదివారం సభకు తానే కీ ఇవ్వబోయి, స్ప్రింగు తెగుతుందేమోనని భయపడి, కంట్రాక్టరింటికి మార్చేశాడు. పది కార్డులు తిరిగొచ్చాయి. మూడింటికి, మనిషి పోయిందని జవాబొచ్చింది. పన్నెండో రోజున కోటబొమ్మాళి నుంచి, ఎవరి చేతో రాయించిన కార్డు:

'నా ప్లేటు ఉన్నాదా? నువ్వే తెచ్చి, నా ఇంట్లో ఏసి, ఇనిపించి ఇస్తేనే కొంతాను. టపాలో పంపితే ఒప్పను. బుల్లమ్మ.'

శుక్రవారం ప్యాసింజరుకు బయల్దేరింది. పెట్టె, ట్రంకులో ప్లేట్లు. గుమ్మంలో సీతారామారావు నిలబడ్డాడు. చాలా మాటలు కూడగట్టుకుని, చివరికి, "మరి వంట?" అన్నాడు.

"నానొండుతాను," అంది లోపల నుంచి గురమ్మ. తరవాత గుమ్మం దాకా వచ్చి, కోడలి చేతిలో ఉతికిన గుడ్డ ముక్కలు పెట్టింది. మసి పూర్తిగా పోలేదు. "సబ్బెట్టి ఉతికినాను. ఎండలో మటుకు ఎయ్యనేదు."

"ఆదివారానికి వచ్చెయ్," అన్నాడు సీతారామారావు. "ఈసారి సభ మనింట్లోనే."

కన్యాకుమారి రిక్షా ఎక్కింది.

బుల్లమ్మ ఇల్లు కోటబొమ్మాళి స్టేషనుకు దగ్గరే. వరండాలో అప్పటికే పదిమంది ఆడవాళ్లు చేరారు, ఎవరెవరికో కార్డు సంగతి తెలిసి. కన్యాకుమారి అలవాటు ప్రకారం పెట్టె తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, తాను గోడ చాటుకు జరిగింది.

"అక్కడేటి?" అంది బుల్లమ్మ. పెద్ద మనిషైంది, జుట్టు నెరిసింది, గొంతు మాత్రం పొలం అవతలికి వినపడేది. "లోపలికి రా. ఆ రోజు పాట ఒచ్చింది గానీ మీ అమ్మ లోపలికి రానేదు. దుప్పటి సందులోంచి సెయ్యి కనపడింది, తిప్పుతా. ఇన్నేళ్లూ ఆ సెయ్యే గుర్తు నాకు. రావే."

వెళ్లి సావిడి మధ్యలో కూర్చుంది. గళ్ల తొడుగులోంచి ప్లేటు తీసి పెట్టె మీద పెట్టింది. కొత్త సూది బిగించింది. పిడి మీద చెయ్యి వేసింది.

బుల్లమ్మ ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది. "నువ్వు కూకో. నాను తిప్పుతాను."

ప్లేటు కొద్దిగా ఊగుతూ తిరిగింది. పాట కొద్దిగా వణుకుతూ వచ్చింది, ఎండ తిన్న పాట కదా. ఎవరూ తొడ చరచలేదు. కాఫీ ఎవరో కలుపుతున్నారు, ఆ వాసన వస్తోంది, అది తను కలుపుతున్నది కాదు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ఈ పాటకు ఇంకొక చరణం ఉందని కన్యాకుమారికి ఇప్పటిదాకా తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి అవి ఒళ్లో సర్దుకున్నాయి.

పాట అయింది. సూది లోపలి గీతలో గిరగిరా తిరుగుతూ రాసుకుంటోంది. బుల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, ముడి విప్పి నోట్లు తీసి, "తిరుగు బండి ఎప్పుడే నీకు? ఆదివారమా?" అని అడిగింది.

కన్యాకుమారి కదల్లేదు.

"తరవాత చూద్దాం," అంది. "ముందు రెండో పక్క వెయ్యి."